పల్లె నుంచి – 23: ఫోన్ గడప దాకా వచ్చింది, బిడ్డ దాకా రాలేదు

ఈ వారం వేరే విషయం రాద్దామనుకున్నాను. మొన్న ఊరెళ్ళినప్పుడు మా చిన్నమ్మ సంచిలో ఉన్నవి చూశాక ఇది రాయక తప్పలేదు. ఒక ఫోను, దానికో చార్జర్, పవర్ బ్యాంకు, నాలుగు రిజిస్టర్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఆరు, ఒక థర్మామీటరు. రిజిస్టర్లలో రాసిందే ఫోన్లో ఎక్కించాలి. ఫోన్లో ఎక్కించిందే మళ్ళీ రిజిస్టర్లలో ఉండాలి.

చిన్నమ్మ ఆశా వర్కర్. ప్రకాశం జిల్లాలో మా మాదిగపల్లెలో ఉంటుంది. ఎనిమిదో తరగతి దాకా చదివింది. పథకం వచ్చిన కొత్తల్లో చేరింది, ఇప్పుడు తల నెరిసింది. పల్లెలో ఆమె చేతుల మీదుగా ఆస్పత్రికి వెళ్ళి పుట్టిన పిల్లలకి ఇప్పుడు పెళ్ళిళ్ళు అవుతున్నాయి.

పోయిన మిరపకోతలప్పటి సంగతి చెబుతాను. పొద్దుగూకే వేళ చిన్నమ్మ కల్వర్టు మీద కూర్చుని ఫోన్ పైకి ఎత్తి పట్టుకుని ఉంది. మా పల్లెలో సిగ్నల్ దొరికేది అక్కడే. ఆ రోజు ఎంట్రీలు పైకి పోవడం లేదు, గుండ్రంగా తిరుగుతూనే ఉంది. అప్పుడు ఒక ముసలామె మనవరాలిని చంకనేసుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. పది నెలల పిల్ల. తల్లి కోతకెళ్ళి ఇంకా రాలేదు. రెండు రోజుల్నుంచి దగ్గు, ఆ మధ్యాహ్నం నుంచి పాలు పట్టడం లేదు.

చిన్నమ్మ ఫోను సంచిలో పడేసి, అక్కడే కల్వర్టు మీద పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుని, చొక్కా పైకెత్తి, చేతి గడియారం ముల్లు చూస్తూ ఊపిరి లెక్కపెట్టింది. నిమిషం పాటు. అరవై నాలుగు. డొక్కలు లోపలికి పోతున్నాయి. ఆ లెక్క ఆమెకి ఎప్పుడో ట్రైనింగులో నేర్పారు: రెండు నెలల లోపు బిడ్డకి నిమిషానికి 60 లేదా అంతకన్నా ఎక్కువ, రెండు నుంచి పన్నెండు నెలల మధ్య 50, ఏడాది దాటితే ఐదేళ్ళ దాకా 40. ఆ అంకె దాటితే అది ఉత్త జలుబు కాదు. డొక్కలు ఎగరేస్తూ, పాలు కూడా తాగలేకపోతే ఇక ఇంట్లో ఉంచకూడదు.

పక్కింటి ఆటో తీయించి పీహెచ్‌సీకి, అక్కడ్నుంచి పెద్దాస్పత్రికి తీసుకెళ్ళింది. ఆక్సిజన్ పెట్టారు. ఐదో రోజుకి పాప ఇంటికొచ్చింది. మొన్న నేను వెళ్ళినప్పుడు నా చెప్పులు రెండూ లాక్కెళ్ళి పంచలో దాచింది, బాగానే ఉంది.

ఆ మర్నాడు పొద్దున్నే చిన్నమ్మకి పైనుంచి ఫోన్ వచ్చింది. పాప ఎట్లా ఉందని కాదు. నిన్నటి ఎంట్రీలు ఎందుకు పెండింగ్ ఉన్నాయని.

ఇక్కడ ఆపి, మనవాళ్ళలో కొందరితో ఒక మాట తేల్చుకోవాలి. ఇలాంటి సంగతి చెప్పగానే "అందుకే ఆ ఫోన్లు తిరిగి వాళ్ళ మొహాన కొట్టాలి" అంటారు. నాకు ఆ కోపం అర్థమవుతుంది. 2021లో మహారాష్ట్రలో అంగన్‌వాడీ అక్కలు ప్రభుత్వం ఇచ్చిన ఫోన్లని నిజంగానే తిరిగి ఇచ్చేశారు. అదే ఏడాది హర్యానాలో ఆశా వర్కర్లు తమ ఫోన్లలో వేయించుకోమన్న ఒక ట్రాకింగ్ యాప్‌ని వేయించుకోమని తెగేసి చెప్పారు. వాళ్ళు చేసింది న్యాయం. కానీ ఫోనే వద్దనడం దగ్గర నేను ఆగలేను. ఎందుకో చెబుతాను.

జబ్బు పడ్డ పసిబిడ్డని చూడటానికి ప్రపంచమంతా ఒక పద్ధతి ఉంది. 1990ల నడుమ ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి తయారు చేశాయి. ఇంగ్లిష్ పొడి అక్షరాల్లో ఐఎంసీఐ. మన దేశంలో అప్పుడే పుట్టిన బిడ్డల్ని కూడా కలిపి ఐఎంఎన్‌సీఐ అన్నారు. డాక్టరు లేని చోట, ఎక్స్‌రే లేని చోట, ఒక నర్సు గానీ ఆరోగ్య కార్యకర్త గానీ వరసగా కొన్ని ప్రశ్నలు అడిగి, కొన్ని గుర్తులు చూసి, బిడ్డ ప్రాణాపాయంలో ఉందా, మందు ఇస్తే తగ్గుతుందా, ఇంట్లో చూసుకుంటే చాలా అని తేల్చే పద్ధతి. తాగగలుగుతోందా? తాగిందంతా కక్కేస్తోందా? ఫిట్స్ వచ్చాయా? మగతగా ఉందా? ఇవి ముందు అడగాలి. తర్వాతే దగ్గు, విరేచనాలు, జ్వరం, చెవి, బలహీనత.

మంచి పద్ధతే. కానీ కాగితం మీద అది ఒక లావుపాటి చార్టు పుస్తకం. వరండాలో నలభై మంది తల్లులు కూర్చుని ఉంటే ఆ పుస్తకం తిప్పుతూ కూర్చునేదెవరు? అందుకని మధ్యలో మెట్లు ఎగిరిపోతాయి. ఊపిరి లెక్కపెట్టరు. జ్వరం అనగానే యాంటీబయోటిక్ రాసి పంపేస్తారు. మన పల్లెల్లో అయితే అంతదాకా కూడా పోదు, ఆర్ఎంపీ వచ్చి ఒక సూది పొడిచి రెండొందలు పట్టుకుపోతాడు. ఆ సూదిలో ఏముందో పొడిచినవాడికీ తెలియదు, పొడిపించుకున్నవాళ్ళకీ తెలియదు.

ఈ చార్టునే ఫోన్లో పెడితే? ఒక ప్రశ్నకి జవాబు ఇస్తేనే తర్వాతి ప్రశ్న వచ్చేలా చేస్తే? టాంజానియాలో అదే చేశారు. దాని పేరు ఈపాక్ట్ ప్లస్. 2024లో నేచర్ మెడిసిన్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. 40 ఆరోగ్య కేంద్రాల్లో సగం చోట్ల ఈ పరికరం ఇచ్చారు. దాంతోపాటు వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ చూసే ఆక్సీమీటరు, వేలి చివర చుక్క రక్తంతో చేసే ఒక చిన్న పరీక్ష కూడా ఇచ్చారు. మామూలుగా చూసే చోట వందలో 70 మంది పిల్లలకి యాంటీబయోటిక్ రాస్తే, ఇది ఉన్న చోట 23 మందికే రాశారు. అలాగని పిల్లల జబ్బులు ముదిరాయా అంటే లేదు. ఇది చిన్న సంగతి కాదు. అనవసరపు మందు ఒంట్లోకి పోకుండా ఆగింది. అవసరమైన బిడ్డ ఎవరో తెలిసింది. ఇలాంటిది నల్లవాళ్ళ ఊళ్ళలో పనిచేసింది, మన పల్లెల్లో పనిచేయదనుకోవడానికి కారణం లేదు.

ఇంకా దగ్గరి సంగతి, మన తెలంగాణ సరిహద్దు పక్కనే ఉన్న గడ్చిరోలిది. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు అక్కడి మంత్రసానులకి న్యుమోనియా పట్టడం నేర్పాలనుకున్నారు. చాలామందికి పన్నెండు దాటి లెక్క రాదు. నిమిషంలో యాభై ఊపిర్లు ఎట్లా లెక్కపెట్టాలి? అందుకని ఒక చిన్న చెక్కబల్ల లాంటిది చేశారు. ఒక నిమిషానికి సరిపడే ఇసుక గడియారం, పక్కన పూసలు. పది ఊపిర్లకి ఒక పూస జరపాలి. ఇసుక పడిపోయేలోపు ఎర్రపూస దాకా వచ్చిందా, అది న్యుమోనియా. బ్యాటరీ లేదు, సిగ్నల్ లేదు, పాస్‌వర్డ్ లేదు. తర్వాత ఊళ్ళోని ఆడవాళ్ళకే ట్రైనింగ్ ఇచ్చి అప్పుడే పుట్టిన బిడ్డల్ని ఇంట్లోనే చూసేలా చేశారు. ఆ ఫలితాలు 1999లో లాన్సెట్‌లో అచ్చయ్యాయి. నెల లోపు బిడ్డల చావులు 62 శాతం తగ్గాయి. మన ఆశాలు ఇవాళ బాలింతల ఇళ్ళకి 3, 7, 14, 21, 28, 42 రోజులకి వెళ్ళి చూసే పద్ధతికి మూలం అక్కడే ఉంది.

ఆ పూసల బల్లని నేను ఎప్పుడు తలుచుకున్నా ఒకటే అనిపిస్తుంది. అది లెక్క రాని ఆడమనిషిని డాక్టరు చేసింది. మనవాళ్ళు ఇచ్చిన ఫోను, లెక్క వచ్చిన మా చిన్నమ్మని గుమస్తాని చేసింది.

ఆ పరికరాలకీ మన చేతికిచ్చిన వాటికీ తేడా అక్కడే. టాంజానియా పరికరం ఆరోగ్య కార్యకర్తని అడిగేది "బిడ్డ ఎట్లా ఉంది?" అని. మన ఫోన్లు అడిగేది "నువ్వు ఎక్కడున్నావు?" అని. 2021 మార్చిలో పోషణ్ ట్రాకర్ వచ్చింది. 2025 జులై నుంచి ఇంటికిచ్చే రేషన్‌కి మొహం స్కాన్ తప్పనిసరి చేశారు. పాలు, గుడ్లు, పిండి తీసుకోవాలంటే తల్లి మొహం మెషీన్‌లో ఉన్న మొహంతో సరిపోలాలి. బాలింత మొహం, రక్తం లేక పాలిపోయి వాచిన మొహం, పెళ్ళప్పటి ఆధార్ ఫొటోతో సరిపోలాలట. కెమెరా ఉంది కదా, ఆ కెమెరా బిడ్డ డొక్కవైపు ఎందుకు తిరగలేదు? దొంగతనం చేసేది పల్లెల్లో తల్లులే అని ముందే తీర్మానించుకున్నారు గనక.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. యాప్ ఎంత బాగున్నా కొన్ని పనులు యాప్ చేయలేదు. చొక్కా పైకెత్తాలి. ఒళ్ళు కాలుతోందో లేదో చేత్తో చూడాలి. పొట్ట చర్మం వేళ్ళతో పట్టి వదిలి, అది వెంటనే సర్దుకుంటుందో లేదో చూడాలి, విరేచనాల బిడ్డలో నీరు ఎంత పోయిందో తెలిసేది అట్లాగే. ఊపిరి లెక్కకి నిమిషం పాటు బిడ్డ పక్కన కూర్చోవాలి. అంటే గడప దాటాలి, మంచం మీద కూర్చోవాలి, బిడ్డని తాకాలి. మన దేశంలో ఈ మూడూ వైద్యానికి సంబంధించిన విషయాలు కావు. కులానికి సంబంధించిన విషయాలు.

ఘన్‌శ్యామ్ షా, హర్ష్ మందర్, సుఖదేవ్ తోరట్ మరి ఇద్దరితో కలిసి 2006లో తెచ్చిన గ్రామీణ భారతంలో అంటరానితనం పుస్తకం మీలో చాలామంది చదివే ఉంటారు. 11 రాష్ట్రాల్లో 565 ఊళ్ళు తిరిగి చేసిన సర్వే అది. మూడో వంతు ఊళ్ళలో ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది దళితుల ఇళ్ళలోకి అడుగుపెట్టరని తేలింది. తర్వాత సంఘమిత్ర ఆచార్య గుజరాత్, రాజస్థాన్‌లలో దళిత పిల్లలకి వైద్యం అందే తీరు మీద పనిచేశారు. తాకకుండా చూడటం, మందు చేతికివ్వకుండా పెట్టి పోవడం, ఎంతసేపు చూశారు, ఎట్లా మాట్లాడారు, ఇవన్నీ ఒక్కొక్కటిగా అడిగి రాశారు. తాకడాన్ని కూడా లెక్కలోకి తీసుకున్న పని అది. యాప్‌లు తయారు చేసేవాళ్ళ బల్ల మీద అది ఉండి తీరాలి. ఉండదు.

మా ఊరి సంగతి ఇది. మా పల్లెకి ఒకప్పుడు ఒక నర్సమ్మ వచ్చేది. చాలా ఏళ్ళు వచ్చింది. చెడ్డమనిషేం కాదు, సూది నొప్పి లేకుండా వేసేది. కానీ చర్చి పక్కన వేపచెట్టు కింద కుర్చీ వేయించుకుని కూర్చునేది. బిడ్డల్ని అక్కడికే తేవాలి. లేవలేని బిడ్డ ఉంటే తల్లి వచ్చి చెప్పాలి. "ఎగపోస్తుందా?" అని అడిగేది, "కొంచెం" అంటే ఒక అంకె రాసుకునేది. మా ఇళ్ళలో ఆమె మంచినీళ్ళు తాగగా ఎవరూ చూడలేదు. అప్పట్లో రిజిస్టరు. ఇవాళ అదే పని ఫోన్లో చేస్తే ఏమవుతుంది? వేపచెట్టుకీ చివరి ఇంటికీ మధ్య యాభై మీటర్లు. జీపీఎస్ ఆమె పల్లెకి వచ్చిందనే చెబుతుంది. ఊపిరి అంకె ఉన్న గడిలో 38 అని కొడితే యాప్ తీసుకుంటుంది. పైన జిల్లా ఆఫీసులో మా పల్లె పచ్చరంగులో కనిపిస్తుంది.

దీనికి తిరగేసి ఇంకొకటుంది. చిన్నమ్మకి ఊళ్ళో కూడా కొన్ని ఇళ్ళు అప్పజెప్పారు. పెద్ద వీధిలో బాలింతని చూడటానికి వెళితే అరుగు దగ్గరే ఆగాలి. "ఏమే ఆశా, వచ్చావా" అంటుంది ఆ ఇంటి కోడలు, మా చిన్నమ్మ కూతురి వయసు ఆమెది. బిడ్డని తూచాలి కదా అంటే, ఆ స్ప్రింగు త్రాసు లోపలికిచ్చి పంపమంటారు. వాళ్ళే తూచి అంకె చెబుతారు. చిన్నమ్మ ఆ అంకె ఫోన్లో కొట్టి, దణ్ణం పెట్టి వస్తుంది. ఒకసారి వాళ్ళ బిడ్డకే పచ్చకామెర్లు ముదిరితే, ముందే ఎందుకు చెప్పలేదని ఈమె మీద అరిచారు. తాకనిస్తేనా తెలిసేది? ఆ వీధి కూడా పైన పచ్చరంగే.

అంటే ఒక చోట తాకని చేయి, ఇంకో చోట తాకనివ్వని గడప. రెండు చోట్లా డేటా మాత్రం పూర్తిగా ఉంటుంది. ఆ డేటా మీదే ఇక ముందు ఏఐ పెట్టి ఏ పల్లెలో ఏ జబ్బు వస్తుందో చెబుతామంటున్నారు. వేపచెట్టు కింద కూర్చుని కొట్టిన 38ని నేర్చుకున్న యంత్రం, మా పిల్లల ఊపిర్లు బాగున్నాయనే చెబుతుంది.

చావుల లెక్క వేరేగా చెబుతోంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. దేశంలో వెయ్యి మంది పుడితే ఐదేళ్ళ లోపు చనిపోయేది 42 మంది. ఎస్సీల్లో 49, ఎస్టీల్లో 50.

పరికరం కులం చూడదు, రంగు చూడదు అంటారు కొందరు ఇంజినీరింగ్ తమ్ముళ్ళు. ఆక్సీమీటరు సంగతి వాళ్ళ కోసం. వెలుగుని వేలిగుండా పంపి రక్తంలో ఆక్సిజన్ చూసే పరికరం అది. 2020 డిసెంబరులో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన పరిశోధన ప్రకారం, అమెరికా ఆస్పత్రుల్లో ఆక్సిజన్ నిజంగా పడిపోయినా మెషీన్ మాత్రం బాగానే ఉందని చూపించిన సందర్భాలు తెల్లవాళ్ళకంటే నల్లవాళ్ళలో దాదాపు మూడు రెట్లు ఎక్కువ. ఒంటి రంగు వల్ల వచ్చిన తేడా అది. కోవిడ్ నడుస్తున్న రోజుల్లో అంతమంది ప్రాణాలు ఆ అంకె మీదే ఆధారపడి ఉన్నాయి. అది పెద్దవాళ్ళ మీద చేసిన పరిశోధనే, ఆక్సీమీటరు పారేయమని నేను అనడం లేదు. 94 అని చూపించినా డొక్కలు ఎగరేస్తుంటే డొక్కనే నమ్మమంటున్నాను. ఆ మాట యాప్‌లో రాసి ఉండాలంటున్నాను.

సావిత్రీబాయి గుర్తొస్తుంది నాకు. 1897లో పుణేలో ప్లేగు. తాకితే చస్తామని తెలిసిన జబ్బు. ఒక మహర్ పిల్లాడిని వీపున వేసుకుని కొడుకు నడుపుతున్న ఆస్పత్రికి మోసుకెళ్ళింది. ఆ ప్లేగే అంటుకుని మార్చి 10న పోయింది. మనం ఆమె ఫొటోకి దండ వేస్తాం, మొదటి టీచరమ్మ అంటాం. మొదటి ఆశా వర్కర్ కూడా ఆమే అని నేనంటాను, మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా.

సరే, ఏం అడగాలి? ఫోన్ తీసేయమని కాదు. ఫోన్‌ని బిడ్డ వైపు తిప్పమని. ప్రశ్నలు తెలుగులో ఉండాలి, మా చిన్నమ్మ మాట్లాడే తెలుగులో. "ఛాతీ అంతర్గమనం" అంటే ఎవరికి తెలుస్తుంది, డొక్కలు ఎగరేస్తోందా అని అడగాలి. సిగ్నల్ లేకపోయినా పనిచేయాలి. ఒకసారి ఫోన్లో ఎక్కిస్తే మళ్ళీ రిజిస్టరు ఉండకూడదు. అన్నిటికన్నా ముందు, న్యుమోనియా అని ఫోన్ తేల్చిన నిమిషంలో సంచిలో మందు ఉండాలి. 2019లో కేంద్రం సాన్స్ అని ఒక కార్యక్రమం మొదలుపెట్టి, ఆస్పత్రికి పంపే ముందు ఆశా మొదటి డోసు అమాక్సిసిలిన్ ఇవ్వొచ్చని చెప్పింది. ఆ రోజు కల్వర్టు మీద చిన్నమ్మ సంచిలో అది లేదు. మందు లేని చోట యాప్ జబ్బు పేరు చెప్పి ఊరుకుంటుంది, జాతకం చెప్పినట్టు.

జీతం సంగతి కూడా ఇందులోదే. మన రాష్ట్రంలో ఆశాకి నెలకి పది వేలు, దానికి పేరు గౌరవ వేతనం. గౌరవం ఎంతుందో పెద్ద వీధి అరుగు దగ్గర చూశాం. 2023 డిసెంబరులో మొదలుపెట్టి అంగన్‌వాడీ అక్కలు 42 రోజులు సమ్మె చేస్తే వాళ్ళ మీద ఎస్మా పెట్టారు. అత్యవసర సర్వీసు అని ఒప్పుకున్నారన్నమాట, సమ్మె ఆపడానికి మాత్రం.

ఇంకొకటి, ఇది విద్యార్థులు చేయగలిగింది. ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి హామీ పనులకి సోషల్ ఆడిట్ తెచ్చుకున్నాం. మస్టర్ రోల్‌లో ఉన్న పేరు పట్టుకుని ఇంటికెళ్ళి "నువ్వు పనికెళ్ళావా, డబ్బులందాయా" అని అడిగే పద్ధతి. దొంగ మస్టర్లు బయటపడింది కంప్యూటర్ వల్ల కాదు, ఆ ప్రశ్న వల్ల. పిల్లల ఆరోగ్యానికి అదే చేయాలి. జీపీఎస్‌ని కాదు, తల్లిని అడగాలి: లోపలికొచ్చారా? చొక్కా ఎత్తారా? నిమిషం కూర్చున్నారా? మందు చేతిలో పెట్టారా, గట్టు మీద పెట్టారా? నాలుగు ప్రశ్నలు చాలు. జవాబులు కులం వారీగా, సబ్ సెంటర్ వారీగా గ్రామసభలో చదవాలి. జబ్బు పడ్డ పిల్లల్లో ఎంతమందిని పెద్దాస్పత్రికి పంపారో, పల్లెదీ ఊరిదీ విడివిడిగా చెప్పాలి. యాప్‌లో కులం గడి ఉంటుంది, నింపించుకుంటారు. ఆ గడి పట్టుకుని లెక్క మాత్రం ఎవరూ బయటపెట్టరు. సమాచార హక్కు కింద అడగండి. నేను మా మండలానికి అడిగాను, జవాబు వస్తే ఇక్కడే పెడతాను.

నర్సింగ్, ఎంబీబీఎస్, ఫార్మసీ చదువుతున్న మన పిల్లలు సంక్రాంతికి ఇళ్ళకెళతారు కదా. ఒక గడియారం పట్టుకుని పల్లెలో పదిమంది తల్లులకి ఊపిరి లెక్క నేర్పండి. 60, 50, 40. బిడ్డ నిద్రపోతున్నప్పుడో, ఊరుకుని ఉన్నప్పుడో లెక్కపెట్టాలి, ఏడుస్తున్నప్పుడు పెడితే లెక్క తప్పుతుంది. పూర్తి నిమిషం పెట్టాలి, పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేయకూడదు.

ఇదంతా రాశాక చిన్నమ్మకి ఫోన్ చేసి చదివి వినిపించాను. పెద్ద వీధి సంగతి రాసిన చోట కాసేపు మాట్లాడలేదు. "ఇంటి పేరు రాయలేదు కదా?" అంది. రాయలేదన్నాను. టాంజానియా ఎక్కడుందని అడిగింది. చివరికి,

"అదంతా సరే గానీ అబ్బాయ్, ఆ అమాక్సిసిలిన్ బిళ్ళలు ఎప్పుడిస్తారంట? చలి మొదలైంది" అంది.

జై భీమ్.